నల్లగీత గింజలు

"గోబో తొక్కంతా గీకెయ్యకమ్మాయ్. వాసన తొక్కలోనే ఉంటుంది."

పక్కగదిలో, దుప్పటి కప్పిన వెచ్చటి బల్ల కింద కాళ్ళు పెట్టుకుని కూర్చున్న అత్తగారు, తోమి అని ఆవిడ పేరు, ఆ మాట అనేసరికి కనాయె చేతిలో కత్తి ఒక్క క్షణం ఆగింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి జనవరిలో ఆవిడ ఇదే మాట అన్నది. ఆ తర్వాత ప్రతి జనవరిలోనూ అన్నది. కనాయె ప్రతిసారీ "అలాగే అత్తయ్యా" అంటూనే ఉంది. గోబో అంటే మట్టిరంగులో మూరెడు పొడుగుండే వేరు. కత్తి వెనకవైపుతో పైపైన గీకి, పెన్సిలు చెక్కినట్టు చెక్కి వెంటనే నీళ్ళలో వెయ్యాలి. లేకపోతే నల్లబడిపోతుంది. ఇవన్నీ ఆమె చేతులకి తెలుసు. చేతులకి తెలిసినవాటిని మళ్ళీ మళ్ళీ చెవులకి చెప్పడం ఈ ఇంట్లో ఒక మర్యాద.

ఇవాళ ఊరి అగ్నిమాపక దళం కొత్త సంవత్సరం కవాతు. జపాన్ నడిమి కొండల్లోని ఈ ఇనా లోయలో ఏ ఊళ్ళో చూసినా ఈ రోజుల్లోనే జరుగుతుంది. మగవాళ్ళంతా నీలం పైఅంగీలు తొడుక్కుని, బడి మైదానంలో మంచు మీద వరసగా నిలబడి, ఏటి ఒడ్డున గొట్టాలు పట్టుకుని నీళ్ళు ఆకాశంలోకి చిమ్మి, చేతులు కొంకర్లు పోయి మధ్యాహ్నానికి ఈ ఇంటికి వస్తారు. మామగారు దళపతిగా ఉన్న రోజుల నుంచీ అదే ఆనవాయితీ. వచ్చినవాళ్ళకి పందిమాంసం, కూరగాయలు వేసి, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్ద కలిపిన వేడివేడి చారు, అన్నం ముద్దలు, ఊరగాయ. మామగారు పోయాక ఆ దళపతి అంగీ కనాయె భర్త కత్సునొరికి వచ్చింది. గరిటె అత్త నుంచి కోడలికి వచ్చింది. అంగీ చేతులు మారిన రోజున ఊళ్ళో విందు చేశారు. గరిటె ఎప్పుడు మారిందో ఎవరికీ గుర్తు లేదు.

గోబో నీళ్ళలో వేసి ఆమె చేమదుంపల బుట్ట ముందుకు లాక్కుంది. పచ్చి చేమదుంపలు ఒలిస్తే మోచేతుల దాకా దురద పాకుతుంది. ఉడకబెట్టి ఒలుచుకుంటే ఆ బాధ ఉండదు. కాని అలా చేస్తే చారులోకి చిక్కదనం రాదని మామగారు అనేవారు. ఆయన బతికినన్నాళ్ళూ ఒక్క దుంపైనా ఒలిచి ఎరగరు. ఆయన మాట మాత్రం ఈ ఇంట్లో ఇంకా ఒలుస్తూనే ఉంది.

కనాయె ఏప్రాను జేబులో ఒక చిలగడదుంప ఉంది. వంగినప్పుడల్లా పొట్టకి ఒత్తుకుంటోంది. కూరల మధ్య పెడితే అత్తగారి కంట పడుతుందని జేబులో వేసుకుంది. కొత్త కోడలుగా మొదటి చలికాలంలో ఆమె ఈ చారు తన పుట్టింటి పద్ధతిలో చేసింది. చేమదుంపకి బదులు చిలగడదుంప వేసింది. క్యూషూ దీవిలో, ఓయితా సముద్రం పక్కన, అమ్మ అలాగే చేసేది. మామగారు ఒక గుక్క తాగి గిన్నె కిందపెట్టి "ఇదేంటమ్మా, చంటిపిల్లల పాయసమా?" అన్నారు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా కత్సునొరి నవ్వాడు. "మా ఆవిడది దక్షిణాది కదా. అక్కడ చారులోకీ పంచదారే" అన్నాడు. ఆ మాట అంతగా పండిందని ఆ తర్వాత ఏటా దళం వాళ్ళ ముందు అంటూనే ఉన్నాడు. విన్నవాళ్ళూ ఏటా నవ్వుతూనే ఉన్నారు. కనాయె కూడా నవ్వేది. నవ్వకపోతే "దానికి హాస్యం తెలీదు" అంటారు. అది ఇంకో మాట పడటం.

ఇవాళ అమ్మ సంవత్సరీకం. ఓయితాలో తమ్ముడింట్లో ఈపాటికి బౌద్ధ పూజారి వచ్చి కూర్చుని ఉంటాడు. మరదలు రూమి తెల్ల పూలు సర్దుతూ ఉంటుంది. తారీఖు తెలిసిన రోజునే కనాయె భర్తకి చెప్పింది. ఆయన పేపరు మీంచి కళ్ళు ఎత్తకుండా "కవాతు రోజే పెట్టుకున్నారా? వారం తర్వాతకి జరపమను మీ తమ్ముణ్ణి" అన్నాడు.

"సంవత్సరీకం ముందే చేసుకోవచ్చు గాని, రోజు దాటనివ్వకూడదండీ."

"అయితే ముందే చేసుకోవాల్సింది."

మాట అక్కడితో అయిపోయింది. ఆమె పని చేసే పుట్టగొడుగుల షెడ్డులో సెలవు అడిగినప్పుడు, కొడుకు వయసున్న సూపర్వైజరు మొహం మీద నవ్వు చెరగకుండా "పోయినేడే కదండీ మీ అమ్మగారికని సెలవిచ్చాం?" అన్నాడు. అమ్మలు ఏటా ఏటా పోతుంటారా అన్నట్టు. భర్త ఎలాగూ వెళ్ళనివ్వలేదు గనక ఆ సెలవు ఆమె వంట కోసమే వాడుకుంది.

నిరుడు కూడా కవాతు రోజునే, ఇదే పొయ్యి దగ్గర, కుండలో మాంసం వేగుతుండగా ఫోన్ మోగింది. అవతల రూమి. "వదినా, అత్తయ్యకి రాత్రి నుంచీ బాలేదు. ఆస్పత్రిలో చేర్చాం. డాక్టరు రావాల్సినవాళ్ళని పిలుచుకోమన్నారు." కనాయె ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. మాంసం అడుగంటుతున్న వాసన వచ్చింది. కత్సునొరి గుమ్మంలో కూర్చుని బూట్లు కట్టుకుంటున్నాడు. చెబితే విన్నాడు. వినలేదని ఆమె అనలేదు. "పొయ్యి మీద ఎసరు పెట్టేశావు. ఇంతమంది వస్తారు. మా అమ్మకి ఇప్పుడు వంట చేతకాదాయె, చూపు ఆనదు. రేపు తెల్లవారుజాము బస్సు పట్టుకుని వెళ్ళు. ముసలి ప్రాణాలు అంత తేలిగ్గా పోవులే" అన్నాడు. ధైర్యం చెప్పినట్టే అన్నాడు. తోమి మాత్రం, గోడతో చెప్పినట్టు, "మా అమ్మ పోయినప్పుడు నేను నాట్లలో ఉన్నాను" అంది. ఆ మాటలో వెళ్ళు అన్నది ఉందో, వెళ్ళకు అన్నది ఉందో కనాయెకి తెలియలేదు. అడుగంటిన మాంసాన్ని గీకి, నీళ్ళు పోసి, నురగ తీసి, వచ్చినవాళ్ళకి వడ్డించింది. "వదినా, ఇంకో గిన్నె" అంటే పోసింది. "ఇవాళ చారు భలే కుదిరింది వదినా" అంటే వంగి దండం పెట్టింది. మర్నాడు నగోయా స్టేషన్లో రైలు మారుతుండగా రూమి మళ్ళీ ఫోన్ చేసింది. రైలెక్కబోయే జనం ఆమెని రాసుకుంటూ వెళ్ళారు. కనాయె "సరే రూమీ, వస్తున్నాను" అంది. అప్పటికి ఎందుకు వస్తున్నట్టో తెలియకుండానే అంది.

అమ్మ పెదాలకి ఆఖరి నీటితడి అద్దింది రూమి. కూతురుండగా కోడలు అద్దింది. ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడమే కనాయెకి ముల్లులా గుచ్చుకుంది.

వచ్చేసేటప్పుడు రూమి పెరటి కొట్టంలోంచి చిన్న మట్టికుండ తెచ్చి ఇచ్చింది. "అత్తయ్య కిందటి చలికాలం పెట్టిన మిసో వదినా. ఇదే ఆఖరిది. నేను కొట్లో కొనుక్కుంటాను, మీకు తెలుసు కదా, పిల్లలు ఇది తినరు. మీ దగ్గరుంటేనే మంచిది." అమ్మది బార్లీ మిసో. బార్లీని ఆవిరి మీద ఉడికించి, బూజు పట్టేదాకా గోనెల కింద పసిపిల్లలా కాపాడి, సోయా ముద్దలో ఉప్పుతో కలిపి కుండలో అదిమి పెట్టేది. ఏడాది ఊరేసరికి పచ్చటి తేనెరంగుకి తిరిగేది. గింజలు పూర్తిగా నలిగేవి కావు. ఒక్కో గింజ నడుమా సన్నటి నల్లగీత కనిపించేది. చిన్నప్పుడు గిన్నె అడుగున ఆ గీతలు వెతుక్కుంటూ తినేది కనాయె. "లెక్కపెడుతూ కూర్చుంటే చల్లారిపోతుందే పిచ్చిదానా" అనేది అమ్మ.

ఆ కుండని తెల్లగుడ్డలో మూటకట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా కూర్చున్న ఒక పెద్దావిడ ఆ మూట వైపు, కనాయె నల్లబట్టల వైపు చూసి, లేచి, "ఇటు కూర్చోండి, ఇక్కడైతే ఎండ తగులుతుంది వాళ్ళకి" అని కిటికీ పక్క చోటిచ్చింది. మూటకి చేతులు జోడించింది. అస్థికలనుకుంది పాపం. కనాయె కాదని చెప్పలేదు. నగోయా దాకా కుండని కిటికీ వైపు తిప్పి పట్టుకుని కూర్చుంది. అమ్మకి ఎండ తగిలింది.

ఈ ఇంట్లో హాల్లో పెద్దల పీఠం ఉంది. మామగారి ఫోటో, ఆయన తల్లిదండ్రుల ఫోటోలు ఉన్నాయి. రోజూ వాటి ముందు అన్నం, నీళ్ళు పెట్టేది కనాయె. అమ్మ ఫోటో కూడా ఒక మూల పెట్టుకోవచ్చా అని భర్తని ఒకసారి అడిగింది. "వేరే ఇంటివాళ్ళని తెచ్చి ఇక్కడ కూర్చోబెడితే మీ అమ్మకే మొహమాటంగా ఉంటుంది" అన్నాడాయన. ఆమె ఆ ఫోటోని కుట్టుపెట్టె సొరుగులో పెట్టుకుంది. కుండని మాత్రం పెరటి కొట్టంలో, ఇంటి పెద్ద మిసో తొట్టి పక్కన పెట్టింది. అక్కడైతే ఎవరికీ మొహమాటం ఉండదు.

ఏడాదంతా ఎంత పొదుపుగా వాడుకుందో ఆమెకే తెలుసు. సెలవు రోజుల్లో, ఇంట్లో తనొక్కర్తే ఉన్న మధ్యాహ్నాలు, ఒక చెంచాడు తీసి ఒక గిన్నెడు చారు కాచుకునేది. నిలబడే తాగేది. తాగాక గిన్నె కడిగి, తుడిచి, ఉన్నచోట పెట్టేసేది. దొంగతనం చేసినట్టే ఉండేది. మిగిలినదాన్ని ఏం చెయ్యాలో కూడా ఆలోచించి పెట్టుకుంది. ఇవాళ, సంవత్సరీకం నాడు, పక్క పొయ్యి మీద చిన్న గిన్నెలో చిలగడదుంప వేసి, అమ్మ పద్ధతిలో చారు కాచి, సొరుగులోని ఫోటో ముందు పెడుతుంది. ఆ మిగతాది తోడు. పెరుగుకి తోడు వేసినట్టు, కొత్త మిసోలో పాత మిసో ముద్ద ఒకటి కలిపితే రుచి దాన్నుంచి దీనికి వస్తుంది. ఈ చలి పోకముందే బార్లీ తెప్పించి తన కుండ తాను పెట్టుకోవాలి. మోచేతి లోతు కుండ చాలు. ఈ ఇంటి మొత్తంలో ఆమె తనకోసం కోరుకున్నది ఆ మాత్రమే.

ఇనప కుండలో నువ్వులనూనె వేడెక్కింది. మాంసం, గోబో వేసి వేయించింది. ముల్లంగి, క్యారెట్, చేమదుంపలు వేసింది. దుంపపిండితో చేసిన బూడిదరంగు ముద్దని చెంచా అంచుతో తుంచి వేసింది. కత్తితో కోస్తే రసం పట్టదు. నీళ్ళు పోసి, తేలిన నురగ తీసేసింది. ఈ ఇంటి లెక్క ప్రకారం మిసో సగం ఇప్పుడు కలపాలి, కూరగాయలకి పట్టేటందుకు. మిగతా సగం పొయ్యి ఆపాక, వాసన పోకుండా. ఆమె పెద్ద గిన్నె, చిన్న గిన్నె రెండూ తీసుకుని పెరట్లోకి నడిచింది.

కొట్టంలో చలి, పులిసిన వాసన ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. గోడవారగా తొట్టి. దాని పక్కన ఎత్తుపీట మీద గోధుమరంగు జాడీ, ఆవకూర ఊరగాయది. దాన్ని అత్తగారు తప్ప ఎవరూ కడగకూడదు. పగులుతుందని భయం. దాని పక్కన ఉండాల్సిన అమ్మ కుండ లేదు.

కిటికీ కింద కనిపించింది. కడిగి, బోర్లించి ఉంది. ఎత్తి చూసింది. లోపల పొడిగా, శుభ్రంగా, పీల్చి చూస్తే సబ్బు వాసన.

కనాయె ఖాళీ గిన్నెలతోనే వెనక్కి వచ్చి హాలు గుమ్మంలో నిలబడింది.

"అత్తయ్యా. కొట్టంలో నా చిన్నకుండ..."

"ఆ, అదా. నువ్వు మొన్న షెడ్డుకి పోయినప్పుడు ఊరగాయ తీద్దామని వెళ్ళాను. మూత తీస్తే పైన తెల్లగా బూజు కట్టింది. అయ్యో పాడైపోతుందే అని ఆ బూజు తీసేసి మిగిలింది పెద్ద తొట్టిలో కలిపేశాను. రెండు రకాలు కలిస్తేనే మిసోకి రుచి అంటారు కదా." తోమి కమలాపండు తొక్క తీస్తోంది. తల ఎత్తలేదు. "అయినా ఒక ఇంట్లో రెండు మిసోలేంటమ్మాయ్, వేరు కాపురం పెట్టినట్టు. కుండ గట్టిది. ఊరగాయకి పనికొస్తుంది."

ఆవిడ గొంతులో కోపం లేదు. కావాలని చేసిన కచ్చ కూడా లేదు. అదే కనాయెకి ఊపిరాడకుండా చేసింది. కోపం ఉండి ఉంటే పట్టుకోవడానికి ఒక పిడి ఉండేది. "పాడైనది పారెయ్యకుండా కలిపానే" అన్న తృప్తి ఉందావిడ గొంతులో. జాగ్రత్త గల ఇల్లాలి తృప్తి. ఎవరితో పోట్లాడాలి? వంటింట్లో ఇనప కుండ ఉడుకుతోంది. ఆ కుండలోకి ఇప్పుడు ఆ తొట్టిలోది కలపాలి. నిరుడు అమ్మ పోతుంటే వీళ్ళకి చారు పోసింది. ఈ ఏడు ఆ చారులో అమ్మనే పోసి ఇవ్వాలి. "ఇంకో గిన్నె వదినా" అంటారు. "దక్షిణాది చారులోకీ పంచదారే" అంటారు. నిజంగానే ఈసారి కొంచెం తియ్యగా ఉంటుంది.

ఆమె పొయ్యి మంట తగ్గించింది. మళ్ళీ కొట్టంలోకి వెళ్ళింది.

తొట్టి మూత తీసి మోకాళ్ళ మీద కూర్చుంది. ఇంటి మిసో నల్లెరుపు. పైన మాత్రం తెడ్డు తిప్పిన చారికలు. ఆ చారికల్లో అక్కడక్కడా తేనెరంగు. ముసలి చేతులు, అడుగు దాకా తిప్పలేకపోయాయి. పైపైనే కలిపాయి. కనాయె వంగి, కళ్ళు చికిలించి చూసింది. ఒక గింజ. నడుమ నల్లగీత. ఆ పక్కన ఇంకోటి.

అన్నం తినే పుల్లలు తెచ్చుకుందామని లేవబోయి, లేవలేదు. తలలోంచి సన్నటి పిన్ను తీసి ఏప్రానుతో తుడుచుకుని, దాని కొనతో ఆ గింజని పైకి తీసింది. చిన్న గిన్నెలో పెట్టింది. రెండోది తీసింది. ఎర్రటి ముద్ద దానికి అంటుకునే వచ్చింది. దాన్ని వేలితో జాగ్రత్తగా రాసేసింది. ఇంకోటి. వేళ్ళు చలికి మొద్దుబారాయి. చేమదుంపల దురద ఇంకా పోలేదు. ఇదేం పని అని ఆమెకే అనిపించింది. కలిసిపోయినదాన్ని ఎవరైనా విడదీస్తారా? నలిగినవి నలిగిపోయాయి, కరిగినవి కరిగిపోయాయి. నలగనివి కొన్ని ఉన్నాయి. వాటికోసమే అనుకుంది.

ఇంటి ముందు లారీ ఆగిన చప్పుడు. బూట్ల మంచు దులుపుకుంటున్న చప్పుడు. నవ్వులు. "వదినా, చేతులు రాలిపోయేలా ఉన్నాయి, గిన్నె ఇస్తే పట్టుకుని బతుకుతాం" అని ఎవరో కేకేశారు. కాసేపు ఎదురుచూశారు. అన్నం ముద్దల పళ్ళెం తెరిచారు కాబోలు, మాటలు సద్దుమణిగాయి. మూత తీసిన చప్పుడు. తర్వాత కత్సునొరి గొంతు, వంటింట్లోంచి.

"ఇదేంటి, ఇందులో మిసోయే లేదు! ఏయ్ కనాయె, మిసో ఎక్కడ పెట్టావే?"

ఆయన పుట్టిన ఇల్లు. ఆయన తాత చేయించిన తొట్టి. కొట్టం తలుపు దాకా వచ్చి, నీలం అంగీలో, వెలుతురుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నావిక్కడ? జనం కూర్చున్నారు."

"అమ్మ మిసో ఇందులో కలిసిపోయింది. ఏరుతున్నాను."

ఆయనకి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక నిట్టూర్చాడు. చిన్నపిల్లని సముదాయించినట్టు, "మిసోయే కదా. సూపర్‌మార్కెట్లో బార్లీది దొరుకుతుందట, రేపు రెండు డబ్బాలు కొనుక్కో. నేనే తెచ్చిపెడతాను పో. ముందు లేచి వాళ్ళ సంగతి చూడు" అన్నాడు.

కనాయె లేవలేదు. చూపు ఎత్తితే వెలుతురుకి గింజలు కనపడకుండా పోతాయని తల కూడా ఎత్తలేదు. "వెలుతురుకి అడ్డం జరగండి" అంది. ఇన్నేళ్ళలో ఆయనకి ఆమె ఏదైనా చెయ్యమని చెప్పడం ఎప్పుడైనా ఉందో లేదో ఇద్దరికీ గుర్తు రాలేదు. ఆయన జరిగాడు. ఇంటి వైపు తిరిగి "అమ్మా, నువ్వొకసారి ఇటు రా" అని పిలిచి వెళ్ళిపోయాడు.

తోమి వచ్చేసరికి చాలాసేపు పట్టింది. వంగిపోయిన నడుము, మంచు మీద కర్ర చప్పుడు. తలుపు దగ్గర నిలబడి కోడలి చేతిలో పిన్నునీ, గిన్నెలో గుప్పెడైనా లేని గింజల్నీ చూసింది. చూపు ఆనదు కాబట్టి వంగి చూసింది. చాలాసేపు వంగే ఉంది. తర్వాత ఎత్తుపీట మీది జాడీ మీద చెయ్యి వేసింది. మనిషి భుజం మీద వేసినట్టు వేసింది.

"ఇది మా అమ్మది" అంది.

కనాయె పిన్ను ఆపింది.

"పెళ్ళయిన రెండో ఏడు మా అమ్మ పోయింది. మా వాళ్ళు ఈ జాడీ నిండా మిసో పంపారు. నల్లటిది. కోసుకోవాల్సినంత గట్టిగా ఉండేది. మా అత్తగారు ఓ రోజు ఇదిగో ఈ తొట్టిలోనే కలిపేశారు. ఒక ఇంట్లో రెండు మిసోలేంటే అన్నారు. జాడీ గట్టిది, ఊరగాయకి పనికొస్తుందన్నారు." ఆవిడ జాడీ అంచు నిమిరింది. "నేను ఆ మాటే నీతో అన్నానని ఇప్పుడు, నడిచొస్తుంటే తట్టింది. అన్నప్పుడు తట్టలేదు. దాని రుచి ఎలా ఉండేదో కూడా ఇప్పుడు చెప్పలేనమ్మాయ్. నల్లగా ఉండేదని మాత్రం తెలుసు."

ఇంట్లోంచి నవ్వులు. ఎవరో గిన్నె మీద పుల్లలతో తాళం వేస్తున్నారు.

మన ఇంటి రుచి అని మామగారు అనేవారు. కత్సునొరీ అంటాడు. ఈ తొట్టి ఎప్పుడూ ఖాళీ కాదు, పాతది అడుగున ఉంచి కొత్తది వేస్తారు. కనాయె ఆ నల్లెరుపు ముద్ద కేసి చూసింది. ఇందులో ఎంతమంది అమ్మలున్నారో అనుకుంది. పేర్లు కూడా మిగలకుండా.

"అడుగు నుంచి తియ్యి" అంది తోమి. "ఒక పక్క తెడ్డు గుచ్చి అడుగుది తీసి నాకియ్యి. పైది వాళ్ళకి పెట్టకు."

కనాయె తేనెచారికలు చెదరకుండా, ఒక వారగా తెడ్డు దించి, లోపలి నుంచి ఎర్రటి ముద్ద పెద్ద గిన్నెలోకి తీసింది. తోమి చేతులు చాపింది. "నేను కలుపుతాలే. ఎంత వెయ్యాలో నాకు చూపు అక్కర్లేదు" అని గిన్నె పొట్టకి ఆనించుకుని, కర్ర వదిలేసి, గోడ పట్టుకుని వెళ్ళింది. కాసేపటికి వంటింట్లోంచి మిసో వాసన వచ్చింది. "మామ్మా, నువ్వు వడ్డిస్తున్నావేంటి, వదినకేమైంది?" అని ఎవరో అడగడం వినిపించింది. ఆవిడ ఏం చెప్పిందో వినపడలేదు.

పొయ్యి కింద దాచుకునే టార్చిలైటు పట్టుకుని ఆవిడ మళ్ళీ వచ్చింది. తిరగేసిన బుట్ట మీద కూర్చుని తొట్టిలోకి వెలుతురు పెట్టింది. "నాకు గింజలు కనపడవు. నువ్వు ఏరుకో" అంది.

ఓయితాలో పూజ అయిపోయి ఉంటుంది. భోజనాలకి లేచి ఉంటారు. ఏప్రాను జేబులో చిలగడదుంప ఒంటివేడికి వెచ్చబడింది. ఇవాళ దానితో చారు కాయడానికి మిసో లేదు. ఈ గింజలన్నీ వేసినా ఒక గిన్నెడు చారుకి చాలవు. తోడుకైనా చాలుతాయో లేదో తెలియదు. రుచి పట్టకపోతే పట్టదు. కుండ కడిగే ఉంది గనక, రేపు సబ్బు వాసన పోయేదాకా ఎండలో పెట్టాలి. ఆ కుండలో ఊరగాయ వెయ్యనివ్వదు. అంతవరకూ తెలుసు ఆమెకి.

ఒక గింజ చేతికొచ్చినట్టే వచ్చి నలిగిపోయింది. కనాయె కంట్లోంచి నీటిబొట్టు రాలి తొట్టిలో పడబోతే మోచేత్తో తుడుచుకుంది. ఉప్పు ఎక్కువైపోతుందేమోనని కాదు. ఇక ఏదీ ఇందులో కలపకూడదని.

"కనాయె!" వంటింట్లోంచి కత్సునొరి పిలుపు. ఈసారి గొంతులో విసుగు కంటే బిత్తరపాటే ఎక్కువుంది. "గిన్నెలు చాలట్లేదు. రెండోసారి అడుగుతున్నారు. ఎక్కడున్నావే?"

తోమి కోడలి మొహం కేసి చూసింది. టార్చి మాత్రం కదిలించలేదు.

నిరుడు ఇదే వేళకి అనవలసిన మాట. నగోయా స్టేషన్లోనూ, ఆ తర్వాత ఏడాదంతా పుట్టగొడుగులు మూటలు కడుతూనూ లోలోపల అనుకున్న మాట. కనాయె పిన్ను కొనతో ఇంకో గింజని పైకి తీసి, దాని నడిమి గీతని వెలుతురులో చూసుకుంది.

"అమ్మ దగ్గరున్నాను" అంది, ఇంట్లో అందరికీ వినపడేలా.